మాణిక్యం తెప్పించిన దగ్గు

ఆసియా క్రీడల కోసం ఢిల్లీ అంతా తవ్విపోస్తున్న రోజులవి. జియా సరాయ్ పక్కన గుడిసెలు వేసుకున్న పాలమూరు కూలీలందరికీ మాణిక్యం నోరంటే హడల్. ఆమె ఎదురొస్తే మేస్త్రీ కూడా పక్క సందులోకి తప్పుకునేవాడు. అలాంటి మనిషికి దొరికిన మొగుడు ధర్మయ్య మాత్రం నోట్లో నాలుక లేనివాడు. రాయి చెక్కేవాడు. ఆ రాతిదుమ్ము మింగీ మింగీ ఏడాదిగా దగ్గుతున్నాడు.

పెద్దాసుపత్రి డాక్టరు అతనికి ఏదో కొత్త మందు మొదలుపెట్టాడు. అది పనిచేస్తోందో లేదో తేల్చడానికి ఆ మహానుభావుడికి తెలిసిన కొలత ఒక్కటే, రోగిని అడగడం. ఆయన హిందీలో అడిగితే, గుడివాడ నుంచి వచ్చిన నర్సు దయావతి తెలుగులో చెప్పేది.

"ఏమయ్యా, దగ్గు తగ్గిందా?"

"తగ్గింది సిస్టరమ్మా. మంచిగుంది."

మంచిగుందట, దాని మొహం! డాక్టరు ముందు ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. బయటికొచ్చాక గోడ పట్టుకుని పేగులు తెగేలా దగ్గేవాడు.

"ఎందుకయ్యా ఆ అబద్ధం?" అని మాణిక్యం విరుచుకుపడేది.

"పుణ్యానికి మందిస్తున్నడు. తగ్గలేదంటే ఆయన మనసు నొచ్చుకోదా? పెద్దమనిషి ముంగట ఎవరన్న దగ్గుతరా?"

మర్యాదట మర్యాద! ఈ మర్యాద తగలెయ్యా అని ఆమె పళ్ళు కొరికేది.

ఒకరోజు డాక్టరు తృప్తిగా తలూపాడు. మందు పనిచేసింది, ఇక పనిలోకి పోవచ్చు, చీటీ రాసిస్తానన్నాడు. మాణిక్యం ఒళ్ళు భగ్గుమంది. పోయినేడు ఆ రాళ్ళ దగ్గరే ఆమె మరిది దగ్గీ దగ్గీ పోయాడు. ఇప్పుడు ఈయన్నీ అక్కడికే తోలుతారా?

"ఏడ తగ్గిందమ్మా! బుక్క మింగనియ్యదు, పండుకోనియ్యదు. పక్కన పండేదాన్ని, నన్నడుగుమను!"

దయావతి డాక్టరుతో మాట్లాడి ఇబ్బందిగా ఇటు తిరిగింది. "రోగే తగ్గిందంటుంటే మధ్యలో నీ గోలేంటంటున్నారు."

మాణిక్యం ఇక డాక్టరు జోలికి పోలేదు. మొగుడి మీదికి తిరిగింది.

"ఔ, పనికి పోతవా? నీకు పనొస్తదా అసలు? నువ్వు చెక్కిన రాళ్ళన్ని వంకరని మేస్త్రీ అందరి ముంగట నవ్విండు!"

పచ్చి అబద్ధం. కానీ ధర్మయ్య ఏ మాటైనా పడతాడు, తన రాయిని అంటే మాత్రం పడడు.

"ఎవడన్నడే ఆ మాట? పిలువు వాణ్ని!" అని ఒక్క అరుపు అరిచాడు. బిగబట్టిన ఊపిరి అక్కడే తెగింది. దగ్గు, దగ్గు మీద దగ్గు! బల్ల మీంచి నేల మీదికి జారాడు, మొహం నల్లబడింది, కళ్ళు తేలేశాడు. డాక్టరు కుర్చీ తోసుకుని లేచి తనే అతన్ని పట్టుకున్నాడు.

దగ్గు ఆగాక ఆయన చీటీ రాయలేదు. రాతిపని బంద్ అన్నాడు, మందు మారుస్తానన్నాడు, ఇకమీదట భార్యనూ అడుగుతానన్నాడు.

"ఇన్నొద్దులు అడగనీకె ఏమైంది?" అంది మాణిక్యం. దయావతి ఆ మాటను పొల్లుపోకుండా హిందీలో అప్పజెప్పింది. డాక్టరు తల దించుకున్నాడు.

దారిలో ధర్మయ్య ఆమె మొహం చూడలేదు.

"నలుగుర్ల నా పనిని తీసిపారేస్తివి. ఇగ నీతోని మాట్లాడ."

"మాట్లాడకు," అంది మాణిక్యం. "బతికుండి మాట్లాడకు, నాకదే సాలు."