కన్నోరింటి కవళ్ళు

అరకు సంతలో మా అత్తది ఎండుచేపల దుకాణం. ఆమె పుట్టింది శ్రీకాకుళం తీరంలో, నేను నెల్లూరు తీరంలో. ఇద్దరం సముద్రం ఒడ్డు నుంచే కోడళ్ళుగా కొండెక్కాం గనక చేపల దగ్గర పేచీ ఉండదనుకున్నాను. ఎంత అమాయకురాలినో!

ఆమె బుట్టల్లో సగం చేపలు నాకు కొత్త. ఒడిశా వైపు పోయేకొద్దీ వలల్లో ఎక్కువగా పడే వనమట్టలంటే ఆమెకు ప్రాణం. మా ఊళ్ళో వాటిని చూసిన గుర్తే లేదు. కవళ్ళు ఇక్కడా ఉన్నాయి గానీ బక్కచిక్కినవి. మా వైపు నూనె కవళ్ళు పెనం మీద వేస్తే వాటి నూనెలోనే వేగుతాయి. ఒకటే తీరం, దక్షిణం నుంచి ఉత్తరానికి వచ్చేసరికి నీళ్ళలో కాపురముండే వాళ్ళే మారిపోతారు.

పైగా అత్త చేపలకి పొగ వాసన. అరకు మంచుకి ఉప్పుచేప చెమ్మగిల్లుతుందని వంటింటి పొయ్యి పైన దండెం కట్టి వేలాడదీస్తుంది. కొండ ఊళ్ళ ఆడవాళ్ళు ఆ వాసన కోసమే ఆమె దగ్గర కొంటారు.

నాకు వేవిళ్ళు మొదలయ్యాక ఆ పొగకి గంజి కూడా కడుపులో నిలవలేదు. ఇలాగే బరువు తగ్గితే బిడ్డకి మంచిది కాదని నర్సు చెప్పింది. భయంతో ఏడ్చాను. కానీ పొగ మాట అత్తతో ఎలా అంటాను? ఆమె పేరంతా ఆ పొగతోనే వచ్చింది. ఏం తినాలనుందని అడిగితే, మా కవళ్ళు అని మాత్రం అన్నాను.

అమ్మ పార్సిల్ పంపింది. దారిలో చెమ్మ తగిలి బూజు పట్టింది. అత్త ఒక చేపని తిప్పి తిప్పి చూసి, విశాఖ హార్బర్‌లో తనకి సరుకిచ్చే ఆవిడకి ఫోన్ చేసింది.

"మొప్ప కాడ నల్ల మచ్చుంటాది, లావుపాటి సేప. మీ కాడ పడతన్నాదేటి?"

దక్షిణాది కవళ్ళు ఈమధ్య ఒక్కోసారి విశాఖ వలల్లోనూ పడుతున్నాయట. ఎన్నడూ సంత మానని మనిషి, ఆ వారం దుకాణం కట్టేసి, బస్సెక్కి ఘాట్ రోడ్డు దిగింది. సాయంత్రానికి ఐసు పెట్టెతో వచ్చింది. ఎలా ఎండబెట్టాలో మా అమ్మనే ఫోన్‌లో అడిగి, మర్నాటి నుంచి చాప పట్టుకుని వాకిట్లో ఎండ ఎటు జరిగితే అటు జరిగింది. మబ్బేస్తే పరుగున లోపలికి తెచ్చేది. ఆమె ఓపికకి దణ్ణం పెట్టాలి.

ఎండాక వాకిట్లోనే వేయించి కంచంలో పెట్టింది.

"బేగి తిను. నీ కన్నోరు అంత దూరం ఈదుకొచ్చేరు. ఒక ముద్ద మింగనేవేటే గుంటా?"

తిన్నాను. కడుపులో నిలిచింది. ఇంకొంచెం అన్నం అడిగాను. అత్త కూడా ఒక ముక్క నోట్లో పెట్టుకుని, పొగ లేని చప్పదనానికి మొహం చిట్లించింది. ఒకసారి నా కంచం కేసి, ఒకసారి వంటింటి కేసి చూసింది.

"అయితే సేప కాదన్నమాట. నా పొగే నీకు పడనేదు."

మర్నాడే దండెం పెరట్లోకి మారింది. నాకు కాన్పయ్యేదాకా, ఆ మంచులో వణుకుతూ, అత్త తన చేపలకి అక్కడే పొగ పెట్టుకుంది.