చివరి వరుసలో మా మేడమ్ గారు

మేడమ్ గారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను పామర్రులో ఒక మీటింగ్ హాల్లో స్టూలెక్కి ప్రొజెక్టర్ తెర కడుతున్నాను. ఫోన్ చేసింది ఆవిడ తమ్ముడు గారు. "అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా. పొద్దున్నే కాఫీ తాగి, కుర్చీలో అలాగే..." అని ఆగిపోయారు. నేను వెంటనే దిగలేదు. తాడు రెండో కొస కూడా కట్టి, ముడి సరిచూసుకుని, అప్పుడు దిగాను. ఆవిడుండే గుడివాడకి బస్సెక్కి కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు.

ఆవిడ ఆరోగ్య శాఖలో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యారు. బందరులో ఆవిడ కింద ఆరేళ్ళు పనిచేశాను. ఊళ్ళు తిరిగి బీపీ గురించి, షుగరు గురించి జనానికి చెప్పడం మా పని. పెడనలో అద్దకం పనివాళ్ళ ఇంట్లో నోరున్న పిల్లనని పేరు పడ్డదాన్ని కాబట్టి, చెప్పడం నాకు ఒకరు నేర్పాలా అనుకునేదాన్ని.

ఎక్కడ మీటింగైనా మేడమ్ గారు గంట ముందే వెళ్ళేవారు. మైకు చూసేవారు కాదు, బ్యానరు చూసేవారు కాదు. తిన్నగా వెళ్ళి చివరి వరుసలో, చెప్పులు విడిచే గుమ్మం పక్కన కూర్చునేవారు. "ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఏం కనపడుతుందో చూడొద్దూ?" అనేవారు. తర్వాత ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర నిలబడి, ఇవాళ ఎవరెవరు వస్తారు, ఎవరింట్లో ఏం జరుగుతోంది అని కూపీ లాగేవారు. టీ మాత్రం సగం తాగి వదిలేసేవారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. తిరిగొచ్చి ఒక కాగితం ముక్క మీద ముగ్గురి పేర్లు రాసి నా చేతిలో పెట్టేవారు.

"ఈ ముగ్గురికీ చెప్పు. మిగతావాళ్ళు వింటారు."

మొదట్లో ఆ కాగితం నేను చూసేదాన్ని కాదు. బందరు రేవు పక్కన గిలకలదిండిలో ఆడవాళ్ళకి మొదటిసారి నేనే ప్రెజెంటేషన్ ఇచ్చిన రోజు కూడా చూడలేదు. ఇరవై రెండు స్లైడ్లు చేసుకెళ్ళాను. గుండె బొమ్మ, మెదడు బొమ్మ, రంగురంగుల గీతలు. ఏడో స్లైడులో ఎండుచేపల ఫొటో పెట్టి, దాని మీద ఎర్రగా అడ్డగీత కొట్టాను. ఉప్పు ఎక్కువ కాబట్టి ఎండుచేపలు మానెయ్యాలని గొంతెత్తి మరీ చెప్పాను. నా ముందు కూర్చున్న నలభై మందిలో ముప్పై మంది ఎండుచేపలు అమ్ముకుని బతికేవాళ్ళు. తర్వాత తీసి చూస్తే, మేడమ్ గారి కాగితంలో మొదటి పేరుకి ఎదురుగా ఆ సంగతి రాసే ఉంది.

ఒక పెద్దావిడ లేచింది. ఊరంతా ఆవిణ్ణి అత్త అని పిలుస్తారు.

"మా పొట్ట కొట్టడానికి వచ్చేవా అమ్మా? మేం అమ్ముకునే పెడన సంతలో కూడా ఇదే చెప్తావా?"

ఆవిడ వెనకే అందరూ లేచారు. మేడమ్ గారు నన్ను కాపాడతారని చివరి వరుస వైపు చూశాను. ఆవిడ వాళ్ళకి దారిస్తూ పక్కకి జరిగి కూర్చున్నారు. ఆ రోజు ఆవిడ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

మర్నాడు నన్ను మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళారు, ప్రొజెక్టర్ లేకుండా. అత్త ఇసుకలో వలలు పరిచి చేపలు ఎండబెడుతోంది. మేడమ్ గారు పక్కన కూర్చుని చేపలు తిరగేస్తూ ఒక్కటే అడిగారు, "నీకు దేనికి భయం అత్తా?" అని.

"చావుకి భయమేంటమ్మా? పడిపోతే భయం. కొడుకు సముద్రం మీద ఉంటాడు, కోడలు రేవులో చేపల వేలంపాట దగ్గర ఉంటాది. కాలూ చెయ్యీ పడిపోతే నన్నెవరు చూస్తారు?"

తిరిగొచ్చేటప్పుడు మేడమ్ గారు అన్నారు, "నీ ఇరవై రెండు స్లైడ్లలో ఈ మాట ఎక్కడుందమ్మాయ్? కథలో మనం ఉండకూడదు, వాళ్ళుండాలి."

తర్వాతి వారం స్లైడ్లు లేవు. గంప నెత్తిన పెట్టుకుని పొద్దున్నే బస్సుకి బయల్దేరిన ఒకావిడ, దారిలో కళ్ళు తిరిగి ఆగిందని చెప్పి, "ఆవిడ స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?" అని నేనూ ఆగాను. వాళ్ళలో వాళ్ళు వాదించుకున్నారు. ఉప్పు సంగతి నేను ఎత్తనేలేదు. అత్తే చెప్పింది, "రెండు నీళ్ళు పోసి కడిగి వండుకుంటే ఉప్పు పోద్ది. అమ్మేవాళ్ళం, మాకు తెలీదా?" ఆ సాయంత్రం బీపీ చూపించుకోవడానికి వరుస రోడ్డు దాకా వచ్చింది.

ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. ఇంత నేర్చుకుని కూడా అసలైన చోట నేనేం చేశానో చెప్పాలి.

నిరుడు మేడమ్ గారికి గుండె వాల్వు పాడైందన్నారు. ఆపరేషన్ చేస్తే కుదుటపడుతుందని డాక్టరు చెప్పారు. ఆవిడ ఒప్పుకోలేదు. తమ్ముడు గారు నాకు ఫోన్ చేసి, "నీ మాట వింటుందమ్మా" అన్నారు. నేను తయారై వెళ్ళాను. కోడూరులో ఇదే ఆపరేషన్ అయిన రైతు మళ్ళీ చెరువు గట్ల మీద తిరుగుతున్నాడని కథ చెప్పాను. ఇంకోసారి ఇంకో కథ. నాలుగు నెలలు ఇదే వరస. ఆవిడ ప్రతిసారీ శ్రద్ధగా వినేవారు. చివరికి ఒక రోజు నవ్వి, "బాగా చెప్తున్నావు. కానీ ఆ కథల్లో నువ్వున్నావు, నీ భయముంది. నేను లేను" అన్నారు.

ఉడుక్కుని పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజున, గిలకలదిండి ఇసుకలో ఆవిడ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. వెళ్ళి అదే అడిగాను. "మీకు దేనికి భయమండీ?"

ఆవిడ పెళ్ళి చేసుకోని మనిషి. తమ్ముడు గారికీ ఒంట్లో బాగుండదు. "నలభై ఏళ్ళు నేనే అందరిళ్ళకీ వెళ్ళానమ్మాయ్. మంచాన పడితే నన్నెవరు చూస్తారు?" అన్నారు.

ఈ మాట అత్త నోట విని ఊరినంతా కదిలించిన నాకు, అది ఈవిడ మనసులో కూడా ఉండొచ్చని నాలుగు నెలలు తట్టలేదు.

సంగతి అత్తకి చెప్పాను. ఆ వారంలోనే గిలకలదిండి నుంచి నలుగురు బస్సెక్కి గుడివాడ వచ్చారు. "వంతులేసుకుని వస్తాం. ఆపరేషన్ రోజు మీవాళ్ళకి క్యారియర్ నాది" అంది అత్త. నేను సెలవు పెడతానన్నాను. మేడమ్ గారు కొంగుతో కళ్ళు తుడుచుకుని, "సరే, డేటు తీసుకో" అన్నారు. తీసుకున్నాం. దానికి తొమ్మిది రోజుల ముందు పోయారు. ఆ నాలుగు నెలలకి నన్ను నేను క్షమించుకోలేదు.

ఆపరేషన్ రోజుకి అందరం సెలవు పెట్టుకునే ఉన్నాం కాబట్టి, ఆదరణ కూడిక, అదే చర్చిలో ఆవిణ్ణి తలుచుకునే ప్రార్థన, కూడా తమ్ముడు గారు ఆ రోజే పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. గంట ముందే చర్చికి వెళ్ళి చివరి వరుసలో, గుమ్మం పక్కన కూర్చున్నాను. అక్కణ్ణుంచి చూస్తే స్టాండ్ ఫ్యాను ఆవిడ ఫొటోకి అడ్డంగా ఉంది. లేచి వెళ్ళి ఫ్యాను పక్కకి జరిపి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. కాగితం తీసి, ఎవరికి చెప్పాలా అని ముగ్గురి పేర్లు రాయబోతున్నాను.

అప్పుడే గిలకలదిండి వాళ్ళు వచ్చారు. అత్త ముందుకి వెళ్ళలేదు. నా పక్కనే చతికిలబడి ఫొటో వైపు చూసింది.

"బాగా కనపడుతున్నారు ఇక్కణ్ణుంచి."

ఆవిడ చేతిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ ఉంది. ఎందుకిదని అడిగితే నన్నే వింతగా చూసింది.

"ఇవాళ వంతు నాదే కదమ్మా. తమ్ముడు గారికి తెచ్చాను. ఉప్పు తక్కువే వేశాను."

మా ఇద్దరి మధ్యా కొంచెం చోటు చేసి, క్యారియర్ అక్కడ నేల మీద పెట్టింది. ఇంకా వేడిగానే ఉంది.