సూర్యుడి బిళ్ళ

పూర్వం గుర్రబ్బండ్ల తోలు పట్టీలకు అలంకారంగా బిగించిన ఇత్తడి బిళ్ళలు మ్యూజియం నేలమాళిగలో మూడు వందల పద్నాలుగున్నాయి. గుర్రాలు ఏనాడో పోయాయి, వాటి నగలకు చాకిరీ మాత్రం మిగిలింది. ఇరవై రెండేళ్ళుగా వాటిని తోమేది ఒకే ఒక్కావిడ కాబట్టి ఆవిణ్ణి అందరూ బిళ్ళలక్క అంటారు. బిళ్ళని ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరిచి "హా" అని ఆవిరి ఊది, కుడి బొటనవేలికి గుడ్డ చుట్టి గుండ్రంగా రుద్దుతుంది. ఆ వేలి నలుపు ఏ సబ్బుకీ లొంగలేదు. బస్సులో టికెట్టు పట్టుకున్నా వేలు దానిమీద గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. పాలిష్ ఘాటుకి పట్టుకున్న దగ్గు వదలక, కిటికీ లేని ఆ గదిలోంచి తోట పనికి మార్చమని ఏటా అర్జీ పెడుతుంది. "నీ చేతి మెరుపు ఇంకెవరికొస్తుందమ్మా?" అని పెద్దసారు ఏటా నవ్వి ఊరుకుంటాడు.

"పని చెడగొట్టక్కా, వాళ్ళే బయటికి పంపేస్తారు," అన్నాడు తోటమాలి. సరేనని, రేపు తనిఖీ అనగా, సూర్యుడి ముఖమున్న పెద్ద బిళ్ళని తోమకుండా మసకగానే వదిలేసింది. దానికి వీపు పెట్టి కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఓర్చుకుంది. ఆపైన ఎప్పుడు వెనక్కి తిరిగిందో తనకే తెలీదు.

మర్నాడు పెద్దసారు గదంతా చూసుకుంటూ వచ్చి ఆ బిళ్ళ ముందే ఆగిపోయాడు. "అన్నిట్లోకీ ఇదే ధగధగలాడుతోంది. దీనికేం చేశావమ్మా?"

బిళ్ళలక్క బొటనవేలిని గుప్పిట్లో బిగించి దాచుకుంది.