నక్క కథకు ఆమెన్

కువైట్‌లో ఇంటి పనికి వెళ్లబోయే ఆడవాళ్లకు చిన్న కథలతో ఇంగ్లీషు చదవడం నేర్పుతున్నారని తెలిసి, ఆ ఘనకార్యాన్ని పరిశీలించడానికి మా వయోజన విద్య ఆఫీసు నన్ను హైదరాబాద్ నుంచి పెదపాడు దగ్గరి ఓ చర్చికి పంపింది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తున్న రోజులవి.

మార్తమ్మ అనే ఆవిడ కోడిని ఎత్తుకెళ్లిన నక్క కథను కూడబలుక్కుంటూ చదివింది. కథ అయిపోగానే అందరూ ఒక్క గొంతుతో "ఆమెన్" అన్నారు. కోళ్ల దొంగకు అంత దీవెన దక్కడం నేనెక్కడా చూడలేదు. ఇది చదువు కాదు, ప్రార్థన అని మనసులోనే రిపోర్టు రాసేసుకున్నాను.

చదవడమంటే ఏమిటో వాళ్లకు చూపించాలి కదా! తర్వాతి కథ అందుకుని, కాన్వెంటు యాసలో గడగడా చదివేసి, మెప్పు కోసం తలెత్తాను. అందరూ మార్తమ్మ వైపు చూశారు.

"ఏవండీ, నాకు ఆమెన్ లేదా?" అన్నాను వెటకారంగా.

మార్తమ్మ మొహమాటంగా నవ్వింది. "అర్థమైతేనే అంటామండీ. అర్థం కాకుండా ఇక్కడ ఆమెన్ అనేస్తే, రేపు కువైట్‌లో ఏ కాగితం ముందు పెట్టినా సంతకం పెట్టేస్తామండీ. ఏమీ అనుకోకుండా మీరు ఇంకోసారి చదవండి."

అక్షరాల కింద వేలు పెట్టుకుని, నేనూ కూడబలుక్కుంటూ చదివాను. అప్పుడొచ్చింది ఆమెన్, అదీ సగం మంది దగ్గర్నుంచే.