ఒక గది నిండితే మొత్తానికి తాళం వేస్తారా?

నల్లపాడు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేం పెట్టిన సర్వరు ఆ సీజన్లో రెండోసారి పడిపోయింది. గేటు బయట లారీలు ఆగిపోయాయి. బస్తాల వివరాలు టైపు చేసే అమ్మాయి ఏదో రిపోర్టు తీసి మిషన్ని పాడుచేసిందని ఓనరుగారు తేల్చేశారు. రేపట్నుంచి పనిలోకి రావద్దన్నారు. ఆ రిపోర్టు కావాలని అడిగింది మాత్రం ఆయనే!

మంగళగిరి ఆఫీసులో మా సీనియర్ చల్లగా చెప్పాడు. "ఆపరేటర్ తప్పేనని రెండు ముక్కలు రాసి పంపెయ్యమ్మా. మనకెందుకొచ్చిన గొడవ?"

నాకు ఒళ్ళు మండింది. "రాయనండి" అన్నాను.

ఎందుకు రాయాలి? సర్వరు ఎప్పుడేం జరిగిందో రాసిపెట్టుకునే లాగ్ అంతా చదివాను. రిపోర్టు ప్రోగ్రాం ఇంతకు మించి మెమరీ వాడకూడదని మేమే హద్దు పెట్టాం. అది తప్పు కాదు. హద్దు దాటబోతే కెర్నెల్, అంటే మిషన్ మొత్తాన్ని నడిపించేది, ఆ ఒక్క ప్రోగ్రాంని ఆపేసి మిగతా పని సాగనివ్వాలి. కానీ అలాంటప్పుడు తనే కూలిపోవాలని దానికి ఇంకో సెట్టింగు పెట్టి ఉంది. పెట్టింది మా సీనియరే. అందుకే సగం మెమరీ ఖాళీగా ఉండగానే సర్వరు నిక్షేపంగా చచ్చింది.

మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని నల్లపాడు వెళ్ళాను. ఆ అమ్మాయికీ రమ్మని కబురుపెట్టాను. ఆమె గుమ్మంలోనే నిలబడింది. లారీలు లేని సమయం చూసి, ఓనరుగారి ముందే ఆమె కుర్చీలో మా సీనియర్ని కూర్చోబెట్టాను.

"అదే రిపోర్టు మీరు తియ్యండి సార్."

తీశాడు. సర్వరు కూలింది.

"ఏంటండీ, మీరు నొక్కినా ఇంతేనా?" అన్నారు ఓనరుగారు.

"మీ దగ్గర ఒక గది నిండితే ఆ లారీని పక్కన ఆపుతారా, కోల్డ్ స్టోరేజీ మొత్తానికి తాళం వేస్తారా?" అనడిగాను.

"తాళం ఎందుకేస్తామమ్మా!"

"మా సార్ వేయించారండి."

సీనియర్ నా వంక కొరకొరా చూశాడు. చూస్తే చూడనీ అనుకుని, సర్వర్ని మళ్ళీ లేపి ఆ సెట్టింగు తీసేశాను.

అప్పుడు గుమ్మంలోంచి ఆ అమ్మాయి లోపలికొచ్చింది. "లేవండి సార్, అది నా కుర్చీ" అంది. కూర్చుని అదే రిపోర్టు నొక్కింది. రిపోర్టు మధ్యలో ఆగిపోయింది గానీ సర్వరు కదల్లేదు. బయట లారీ హారన్ మోగింది.

"గేటు తియ్యమనండి" అంది, తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఓనరుగారే వెళ్ళి తీశారు.