ఆరు తూటాలకూ పడని విలన్

హీరో ఆరుసార్లు కాల్చాడు. విలన్ పడలేదు.

మొన్న టిఫిన్ తింటుంటే మనవరాలు ఫోన్ నా ముందుకు తోసింది. "తాతా, హీ ఈజ్ మన నెక్స్ట్ డోర్ గ్రాండ్‌పా కదా? ఎంత షూట్ చేసినా డై అవ్వట్లేదు, సో ఫన్నీ!" పిల్లకు నవ్వొచ్చింది. ఆ రోజు ముందు వరసలో కూర్చుని చూసిన నాకు రాలేదు.

చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంటి పక్కిల్లు ఆ పెద్దాయనది. నేను విజయవాడలో ముప్పయ్యేళ్లు పేపరు డెస్కులో తప్పులు దిద్ది ఇక్కడికొచ్చిన కొత్తలో, ఒక పొద్దున గోడ అవతల ఆయన గుండె పట్టుకుని, మూడడుగులు వెనక్కి తూలి, టోపీ ఒకవైపు తానొకవైపు పడిపోయాడు. నేను హడలిపోయి 911కి ఫోన్ చేశాను. అంబులెన్సు వచ్చేసరికి ఆయన లేచి కాఫీ తాగుతున్నాడు. "నిజంగా నమ్మావా? అయితే నా పనితనం పోలేదన్నమాట!" అని నా భుజం తట్టాడు. నా పాత ఉద్యోగం తెలిశాక నన్ను 'న్యూస్‌పేపర్' అని పిలవడం మొదలుపెట్టాడు.

కౌబాయ్ సినిమాల్లో ఆయన విలన్. మొదట్లో మంచి డైలాగులుండేవట. ఆ సినిమాల్లో కొట్టుకోవడానికో పద్ధతి ఉంది. హీరో పిడికిలి దవడకు జానెడు దూరంలో ఆగాలి, విలన్ తల పక్కకు విసరాలి, మిగతాది కెమెరా చూసుకుంటుంది. ఒకరోజు షూటింగ్ చూడ్డానికి హీరోగారి స్నేహితులు వచ్చారు. పిడికిలి ఆగలేదు. దవడ విరిగింది. "నేనేం చెయ్యను, వాడే ముందుకి కదిలాడు" అన్నాడు హీరో. అందరూ అదే నమ్మారు. వంకర అతికిన దవడతో మాట పక్కకు జారేది. ఆ తర్వాత నలభయ్యేళ్లు ఆయనకు మాటల్లేని వేషాలే. తలుపు తోసుకుని రావడం, తూటా తినడం, పడిపోవడం.

"పోనిద్దురూ, క్షమించెయ్యండి" అన్నాన్నేను ఓసారి.

"క్షమించడం హీరోల పని, న్యూస్‌పేపర్. నేను విలన్‌ని."

ఆయనకు కావలసింది ఒక్క వాక్యమే. 'వాడు కదల్లేదు' అని ఆ హీరో నలుగురి ముందు అనాలి.

ఎప్పుడో సినిమా కోసం కట్టిన ఉత్తుత్తి ఊరొకటి ఇక్కడికి గంట దూరంలో ఉంది. టూరిస్టుల కోసం ప్రతి శనివారం అక్కడ తుపాకీ పోరు ఆడతారు. మా పెద్దాయన అక్కడ శనివారం శనివారం చచ్చిపోయేవాడు. కిందటేడు ముఖ్య అతిథిగా ఆ హీరో వచ్చి, తనే కాలుస్తానన్నాడు. హీరో కాలర్‌కు మైకు పెట్టారు.

ఒకటి పేలింది. పెద్దాయన నిలబడే ఉన్నాడు. రెండు, మూడు. జనం నవ్వడం మొదలుపెట్టారు. ఆరయ్యాక హీరో తుపాకీ వంక వెర్రిగా చూసుకున్నాడు. పెద్దాయన ఎదురు నడిచి, మొహం మొహంలో పెట్టి, ఆ వంకర దవడతోనే అడిగాడు. "ఆ రోజు నేను కదిలానా?"

మైకులో ఊరంతా విన్నది. నవ్వులు ఆగిపోయాయి. హీరో దగ్గరకు వంగి, తన కాలర్ మైకును చేత్తో మూసి, ఏదో అన్నాడు.

తిరుగు ప్రయాణంలో కారులో అడిగాను, ఏమన్నాడని.

"నువ్వు కదల్లేదు, అన్నాడు."

"మరింకేం! ఒప్పుకున్నాడుగా."

"చెయ్యి తీసి చెప్పు అన్నాను. తియ్యలేదు."

మొదటి పేజీలో అచ్చయిన తప్పుకు లోపలి పేజీ అడుగున సవరణ వేసిన రోజులు నాకూ ఉన్నాయి. చదివిన వాళ్లెవరో నాకు తెలీదు.

పై శనివారం నుంచి ఆయన మళ్లీ మామూలుగా పడుతున్నాడు, ఇంకెవరో కాలుస్తుంటే. ఆయనకిప్పుడు ఎనభై రెండు, హీరోకు ఎనభై అయిదు. మనవరాలి ఫోన్‌లో వీడియో అయిపోయి మళ్లీ మొదలవుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ చెయ్యి మైకు మీదే ఉంది.