‘ఇతరములు’లో కలిపేసిన నలుగురు

సూర్యాపేటలోని ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా నాది ఆఖరి పోస్టింగ్. రిటైర్మెంట్‌కు రెండేళ్లుందనగా, ఒక జూలైలో, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కాలేజీల అమ్మాయిలు నింపిన సర్వే కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. క్లాసుకు ఎందుకు రాలేకపోతున్నారు, చదువు మానేసే ఆలోచన ఉందా అన్నవి అందులో ముఖ్యమైన ప్రశ్నలు. నా నివేదికను బట్టే హాస్టళ్లలో అదనపు సీట్లు ఎవరికివ్వాలో ఆయా కాలేజీల ప్రిన్సిపాల్స్ నిర్ణయిస్తారు.

కారణాలు అడ్డ వరసల్లో, ‘మానేస్తాను’, ‘మానేయను’ నిలువు వరసల్లో పెట్టి కంప్యూటర్‌లో పట్టిక తీశాను. రెంటికీ సంబంధం ఉందో లేదో కై-స్క్వేర్ పరీక్ష చెబుతుంది. గళ్లలో అంచనా సంఖ్య ఐదుకన్నా తగ్గితే మాత్రం ఆ ఫలితాన్ని నమ్మకూడదని సాఫ్ట్‌వేర్ పట్టిక కిందే హెచ్చరిస్తుంది. అప్పుడు చిన్న వరసల్ని కలిపేయడం మావాళ్ల అలవాటు. ‘గొర్ల మంద వెంట వెళ్లాలి’ అన్నవాళ్లు నలుగురే. వాళ్లను జ్వరాలతో, పెళ్లిళ్లతో కలిపి ‘ఇతరములు’ అన్నాను. హెచ్చరిక పోయింది, పట్టిక ముచ్చటగా కుదిరింది. నివేదిక పంపేశాను.

పది రోజుల తర్వాత అదే పట్టికను సెకండియర్ ల్యాబ్‌లో గొప్పగా చూపించాను. మునగాల దగ్గరి పల్లె నుంచి వచ్చే మల్లేశ్వరి లేచింది. వాళ్ల నాన్నకు గొర్లున్నాయి.

“సార్, నేను రాసింది గీడ లేదు.”

కలిపేశానని, అది పద్ధతేనని చెప్పాను.

“జరమొస్తే నాలుగొద్దుల్ల తగ్గుతది సార్. మంద వెంబడి పోతే ఆర్నెల్లు మా ఇంటికి తాళమే. రెండూ ఒక్కటెట్లయితయి?”

 ఆ మధ్యాహ్నమే వరసను విడదీసి, చిన్న సంఖ్యలకు వాడే ఎగ్జాక్ట్ టెస్ట్ చేశాను. నలుగురూ ‘మానేస్తాను’ వైపే ఉన్నారు. కొత్త నివేదిక పట్టుకుని వెళ్తే, సీట్లు ఇచ్చేశామని, వచ్చే ఏడు చూద్దామని మా ప్రిన్సిపాల్ అన్నారు. అన్నట్టే మరుసటేడు మందల వాళ్ల పిల్లలకు సీట్లు దొరికాయి. మల్లేశ్వరి మాత్రం అప్పటికే కాలేజీలో లేదు. సర్వే చేసిన ఏడే నాట్లు అయిపోయి మేత కరువవగానే మంద కదిలింది, దాని వెంట ఆమె కూడా వెళ్లింది.

ఇప్పుడు నా చేతికి పట్టికలిచ్చే వాళ్లెవరూ లేరు. ఆ ల్యాబ్ మీద, నన్ను నిలదీసిన ఆ గొంతు మీద బెంగగా ఉంటుంది. మునగాల దాటుతుంటే మంద అడ్డొచ్చి బస్సు ఆగినప్పుడల్లా, కిటికీలోంచి మనుషుల మొహాలు వెతుకుతాను.

నేర్చుకున్నది ఒకటే. చిన్న వరసను కలిపే ముందు అందులో ఎవరున్నారో కనుక్కోవాలి. నాకది పెద్ద పని కూడా కాదు. ఆ నలుగురిలో ఒకమ్మాయి రోజూ నా ఎదుట రెండో బెంచీలోనే కూర్చునేది.